సూది కదిలేటప్పుడు మీ కళ్లు ఎక్కడున్నాయి?

లెక్కలు రావు కాబట్టి ఫిజిక్స్ మన వల్ల కాదని తేల్చేసుకున్నవాళ్లు, తెలుగు మీడియం కాబట్టి వెనకబడిపోయామని దిగులుపడేవాళ్లు, కోచింగ్‌కి డబ్బుల్లేక ఆగిపోయినవాళ్లు ఒక్కసారి మైఖేల్ ఫారడే జీవితం చదవండి. విద్యుదయస్కాంత ప్రేరణ పాఠంలో ఆయన పేరు మీదున్న నియమాన్ని మార్కుల కోసం అందరం కంఠతా పట్టాం. ఆ నియమం దాకా ఆయన ఎలా నడిచాడో మనకెవరూ చెప్పలేదు. నిజానికి నేర్చుకోవాల్సింది ఆ నడకే.

ఫారడే 1791లో లండన్ శివారులో ఒక కమ్మరి ఇంట పుట్టాడు. చదవడం, రాయడం, చిన్నపాటి లెక్కలు. బడిచదువు అంతటితో సరి. పద్నాలుగో ఏట పుస్తకాల బైండింగ్ దుకాణంలో పనికి కుదిరాడు. బైండింగ్‌కి వచ్చిన పుస్తకాలే ఆయన లైబ్రరీ. విద్యుత్తు గురించి బ్రిటానికాలో చదివాడు, రసాయనశాస్త్రం జేన్ మార్సెట్ పుస్తకంలో చదివాడు. 1812లో దుకాణానికి వచ్చే ఒకాయన టిక్కెట్లిస్తే, రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు నాలుగు విన్నాడు. విన్నదంతా శ్రద్ధగా తిరగరాసి, బొమ్మలు గీసి, సుమారు మూడువందల పేజీల పుస్తకంగా తానే బైండ్ చేసి డేవీకి పంపాడు. ఉద్యోగం వెంటనే రాలేదు. మరుసటి ఏడాది ప్రయోగశాలలో ఒక ఖాళీ ఏర్పడినప్పుడు డేవీ పిలిపించింది ఈ కుర్రాడినే. మన రెజ్యూమేల్లో ‘కష్టపడే తత్వం’ అని ఒక లైను రాస్తాం. ఆయన ఆ కష్టాన్నే తీసుకెళ్లి అవతలివాళ్ల చేతిలో పెట్టాడు. ఉద్యోగ వేటలో ఉన్నవాళ్లు ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి: మీ చేతిలో చూపించడానికి ఏముంది?

ఇక అసలు కథ. తీగలో కరెంటు పారితే పక్కనున్న దిక్సూచి సూది తిరుగుతుందని 1820లో డెన్మార్క్‌లో ఆయిర్‌స్టెడ్ కనిపెట్టాడు. కరెంటుతో అయస్కాంతత్వం వస్తే, అయస్కాంతంతో కరెంటు రావాలి కదా? యూరప్‌లో చాలామంది ఈ ప్రశ్న వెంటపడ్డారు. 1825లో జెనీవాలో కొలడాన్ అనే శాస్త్రవేత్త తీగచుట్ట, బలమైన అయస్కాంతం, కరెంటు పారితే సూది కదిలే గాల్వనామీటర్ అన్నీ సిద్ధం చేసుకున్నాడు. అయస్కాంతం దగ్గరుంటే సూది దానికే కదులుతుందేమోనని గాల్వనామీటర్‌ను పక్క గదిలో పెట్టి, పొడవాటి తీగలతో కలిపాడు. చుట్టలోకి అయస్కాంతం దూర్చి, పక్క గదికి నడిచి వెళ్లి చూశాడు. సూది కదల్లేదు. జాగ్రత్తలో లోపమేమీ లేదు. కానీ కరెంటు పుట్టేది అయస్కాంతం కదులుతున్నంతసేపే. ఆయన అక్కడికి చేరేసరికి సూది కదలడమూ, తిరిగి సర్దుకోవడమూ అయిపోయాయి.

అంతకుముందు ఫారడే చేసిన ప్రయత్నాలూ ఫలించలేదు. 1831 ఆగస్టు 29న ఆరంగుళాల వ్యాసమున్న మెత్తని ఇనుప కడియం తీసుకున్నాడు. ఒక సగానికి కొన్ని తీగలు, రెండో సగానికి కొన్ని తీగలు చుట్టాడు. చుట్టుకీ చుట్టుకీ తగలకుండా మధ్యలో దారం, గుడ్డ వేశాడు. రెండో వైపు తీగను మూడడుగుల దూరంలోని అయస్కాంత సూది మీదుగా తీసుకెళ్లాడు. మొదటి వైపు తీగను బ్యాటరీకి కలిపాడు. సూది కదిలింది. కొద్దిసేపు ఊగి, మళ్లీ మొదట ఉన్నచోటే నిలబడింది. బ్యాటరీ తీసేశాడు. మళ్లీ కదిలింది. మధ్యలో కరెంటు నిలకడగా పారుతున్నంతసేపూ సూదిలో చలనం లేదు. మరొకరైతే బల్ల కదిలిందేమో అని వదిలేసేవారు. ఆయన ఆ కదలికనే పట్టుకున్నాడు. అక్టోబరు 17న తీగ చుట్టిన కాగితపు గొట్టంలోకి అయస్కాంతపు కడ్డీని చటుక్కున దూర్చాడు, సూది ఒక వైపు కదిలింది. బయటికి లాగాడు, రెండో వైపు కదిలింది. శ్రీశైలంలోనూ నాగార్జునసాగర్‌లోనూ కృష్ణ నీళ్లు టర్బైన్లను తిప్పితే కరెంటు వస్తున్నదీ ఈ సూత్రంతోనే.

చదువులోనూ ఉద్యోగంలోనూ మనం నిలకడగా ఉన్నదాన్నే కొలుస్తాం: ఏడాది చివర మార్కులు, నెలాఖరు జీతం. మార్పు జరుగుతున్న క్షణంలో అక్కడ ఉండం. పాఠం మొత్తం అర్థం కాలేదని అంటాం గానీ, ఏ వాక్యం దగ్గర అర్థం కావడం ఆగిపోయిందో గమనించం. ఇకనుంచి ఆ వాక్యం పక్కన, ఆ నిమిషంలోనే, పెన్సిల్‌తో ఒక గీత పెట్టండి. పని మీద ఇష్టం తగ్గిపోయిందనిపిస్తే, ఏ రోజు ఏ సంఘటన తర్వాత తగ్గిందో రాసుకోండి. ఒక్క వారం చేసి చూడండి, లైబ్రరీలో గంటలు గడిపినా దొరకనిది దొరుకుతుంది.

రాసుకోవడం విషయంలో ఫారడే పట్టుదల చూస్తే నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. ప్రయోగాల డైరీలో పేరా పేరాకూ నంబరు వేస్తూ పోయి 16,041 దాకా వెళ్లాడు. గెలిచినవీ, ఓడినవీ అందులోనే ఉన్నాయి. గురుత్వాకర్షణకూ విద్యుత్తుకూ సంబంధముందేమోనని 1849లో తీగచుట్టల్ని ఎత్తు నుంచి జారవిడిచి చూశాడు. ఏమీ తేలలేదు. తేలలేదనే రాశాడు. అయినా సంబంధం ఉందన్న నమ్మకం పోలేదనీ రాశాడు.

మరి లెక్కలు? ఆయనకు చివరిదాకా రాలేదు. అయస్కాంతం చుట్టూ ఇనుప రజను ఏర్పరిచే గీతల్ని కళ్లతో చూసి, బలరేఖలంటూ మాటల్లో చెప్పాడు. వాటిని గణితంలోకి తెచ్చింది జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్. 1857లో ఫారడే ఆయనకో ఉత్తరం రాశాడు: మీ గణితజ్ఞులు తేల్చిన విషయాన్ని మాలాంటి ప్రయోగాలు చేసేవాళ్లకు మామూలు మాటల్లో కూడా చెప్పలేరా అని. అడిగినాయన వయసు 66, అడిగించుకున్నాయన వయసు 26. క్లాసులో చెయ్యెత్తడానికి జంకే పిల్లలకు, కొత్తగా చేరిన జూనియర్‌ను అడగడానికి నామోషీ పడే సీనియర్లకు నేను పదే పదే చెప్పే ఉదాహరణ ఇది.

ఈ ఆదివారం ఒక చిన్న దిక్సూచి, టార్చి సెల్లు, మూరెడు రాగి తీగ, ఒక నోటుబుక్కు దగ్గర పెట్టుకోండి. తీగను సూదికి పైన, సూది పొడవునే పట్టుకోండి. సెల్లుకు కలిపితే సూది ఏ వైపు తిరుగుతుందో ముందే ఊహించి రాయండి. తర్వాత కలపండి. తీగ వేడెక్కుతుంది కాబట్టి రెండు మూడు సెకన్లలో తీసేయండి. ఇంటి కరెంటు ప్లగ్గుల జోలికి మాత్రం వెళ్లవద్దు. ఊహ తప్పితే కొట్టివేయకండి, దాని కిందే జరిగింది జరిగినట్టు రాయండి. ఇప్పుడు సెల్లును తిరగేసి కలపండి. ఆ తర్వాత తీగను సూదికి కిందుగా పెట్టి చూడండి.