పాత ఇంటికి కొత్త ముఖం: గోడ లోపలి పొరల సంగతి

అమెరికాలో మంచి బడి ఉన్న పేటలో, ఆఫీసుకి దగ్గరగా ఇల్లు కావాలంటే చాలాసార్లు దొరికేది 1960లలోనో, 70లలోనో కట్టిన ఇల్లే. లోపల అంతా బాగానే ఉంటుంది. బయట మాత్రం వెలిసిపోయిన సైడింగ్, పొలుసులుగా లేచిన రంగు. "ముందువైపు కాస్త మార్పిద్దాం" అనుకోగానే అందరూ మొదట చూసేది రంగుల కార్డు. మేము కొన్న 1966 నాటి ఇంటికి ఈ పని చేయించినప్పుడు నాకు అర్థమైంది ఏమిటంటే, రంగు ఆఖరి విషయం. మొదట తెలుసుకోవలసింది గోడ ఎలా పనిచేస్తుందన్నది. ఈసారి అది చూద్దాం.

గోడలో ఏముంది?

మన ఊళ్ళో గోడంటే ఇటుక, దాని మీద సిమెంటు పూత, ఆపైన రంగు. వానకి తడుస్తుంది, ఎండకి ఆరుతుంది. ఇక్కడి ఇల్లు చెక్క చట్రం. చట్రం బయట ప్లైవుడ్ లాంటి పలక, దాని మీద నీటిని ఆపే కాగితం లేదా హౌస్‌రాప్, అన్నిటికంటే పైన మనకి కనబడే సైడింగ్. నెట్‌వర్కింగ్ చదివినవారికి ఈ పద్ధతి కొత్త కాదు: ఒక్కో పొరకి ఒక్కో పని, పై పొర వదిలేసినదాన్ని కింది పొర చూసుకుంటుంది.

సైడింగ్ నీటిని పూర్తిగా ఆపదు. గాలివానకి ఎంతో కొంత నీరు దాని వెనక్కి వెళ్తూనే ఉంటుంది. ఆ నీటిని కిందికి జార్చి బయటికి పంపేది వెనకున్న కాగితం. మన పెంకుటింటి కప్పు గుర్తు తెచ్చుకోండి. పై పెంకు ఎప్పుడూ కింది పెంకు మీదికి వస్తుంది. ఇక్కడా అదే సూత్రం. కాగితం పై వరస కింది వరస మీదికి రావాలి. తిరగేసి కొడితే నీరు నేరుగా చెక్కలోకి పోతుంది.

చెక్క ఎక్కడ పుచ్చుతుంది?

మామూలుగా గోడ మధ్యలో కాదు, అతుకుల దగ్గర. కిటికీల చుట్టూ, కప్పు వచ్చి గోడకి కలిసే చోట, వెనక డెక్ ఇంటికి తగిలించిన చోట. ఈ చోట్లలో ఫ్లాషింగ్ అనే రేకు గానీ, అతుక్కునే పట్టీ గానీ వెయ్యాలి. కిటికీకి వరస ఇది: ముందు అడుగున, తర్వాత పక్కల, చివర పైన. కప్పు అంచు గోడకి ఆగిపోయే చోట నీటిని గట్టర్‌లోకి మళ్ళించే చిన్న వంపు రేకు ఉండాలి. అది లేక లోపల పుచ్చిన గోడలు చాలా ఉన్నాయి.

రేకు బదులు కాక్ పూసేస్తామంటే ఒప్పుకోకండి. అది కొన్నేళ్ళకి ఎండి పగులుతుంది. మా ఇంట్లో పాత సైడింగ్ తీస్తే వంటగది కిటికీ కింద పలక వేలితో నొక్కితే దిగిపోయేంత మెత్తగా ఉంది. బయటినుంచి మాత్రం ఏ మచ్చా లేదు. అందుకే పాతదాని మీదే కొత్తది కొట్టేస్తే చవక అన్నా, విప్పి చూడటమే మంచిదని నా అభిప్రాయం.

విప్పే ముందు

ఇళ్ళలో వాడే సీసం రంగులని అమెరికాలో 1978లో నిషేధించారు. అంతకు ముందు కట్టిన ఇంటి బయట 20 చదరపు అడుగులకి మించి రంగు గోకినా, విప్పినా, డబ్బు తీసుకుని ఆ పని చేసేవారికి ఇ.పి.ఏ. సర్టిఫికేషన్ ఉండాలి. ఈ నిబంధన 2010 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. పరీక్ష చేయించి సీసం లేదని తేలితే ఈ చిక్కు లేదు. ఇంట్లో ఆరేళ్ళ లోపు పిల్లలుంటే దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఆ పొడి పెరటి మట్టిలో కలుస్తుంది, ఆడుకునే పిల్లల చేతుల మీదుగా నోట్లోకి పోతుంది, మెదడు ఎదుగుదలని దెబ్బ తీస్తుంది.

పాత సిమెంటు పలకల సైడింగ్ అయితే ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. పగలకుండా ఉన్నంతకాలం ప్రమాదం తక్కువ. కొయ్యడం, రుద్దడం మాత్రం కూడదు. ముందు ల్యాబ్‌లో పరీక్ష చేయించండి.

ఏది వేయించాలి?

వినైల్: చవక, రంగు వెయ్యక్కరలేదు. కానీ ఎండకి సాగుతుంది. 12 అడుగుల ముక్క వేసవికీ చలికాలానికీ మధ్య అర అంగుళం దాకా మారుతుంది. కాబట్టి మేకు బిగించి కొట్టకూడదు, దాదాపు మిల్లీమీటరు సందు వదలాలి. బిగిస్తే అలలుగా ఉబ్బుతుంది. ఎదుటింటి లో-ఈ కిటికీ అద్దం నుంచి ఎండ తిరిగి పడితే కరిగి వంకర పోవచ్చు కూడా.

ఫైబర్ సిమెంటు: సిమెంటు, ఇసుక, చెక్క పీచు కలిపి చేసినది. మంట అంటుకోదు, పుచ్చదు. బరువెక్కువ, కూలీ ఎక్కువ. కోసిన అంచులకి రంగు పూయాలి, నేలకి కనీసం 6 అంగుళాల ఎత్తున ఆపాలి. కోసేటప్పుడు వచ్చే సిలికా పొడి ఊపిరితిత్తులకి హాని చేస్తుంది. పిల్లల్ని దూరంగా ఉంచండి.

ఇటుక: చెక్క చట్రం ఇంటికి ఇది చాలావరకు పైపొర మాత్రమే. వెనక గాలి ఆడే ఖాళీ, అడుగు వరసలో నీరు బయటికి రావడానికి చిన్న కన్నాలు ఉంటాయి. మేస్త్రీ సిమెంటు పెట్టడం మరిచాడనుకుని వాటిని మూసేవాళ్ళున్నారు. మూయకండి. ఇటుక రంగు మార్చాలంటే మామూలు పెయింటు తేమని లోపల బంధిస్తుంది. సున్నమైతే గోడని ఊపిరి పీల్చుకోనిస్తుంది. సంక్రాంతికి మన పెద్దలు వేయించిన సున్నమే ఇది.

కాంట్రాక్టులో రాయించవలసినవి

పుచ్చిన పలక మార్చడానికి ఒక్కో షీటుకి ఎంతో ముందే రాయించండి. విప్పిన తర్వాత బేరమాడే బలం మనకి ఉండదు. సైడింగ్ కప్పే ముందు ప్రతి కిటికీ ఫ్లాషింగ్ ఫోటో తీసి ఇమ్మనండి. పర్మిట్ ఎవరు తెస్తారో, హోమ్ ఓనర్స్ అసోసియేషన్ ఉంటే వారి అనుమతి ఎవరి బాధ్యతో తేల్చుకోండి. ఆఖరి వాయిదా డబ్బు అన్నీ చూసుకున్నాకే ఇవ్వండి.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు ఖర్చులేని పని ఒకటుంది. ఈసారి గట్టి వాన కురుస్తున్నప్పుడు గొడుగు పట్టుకుని ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి. నీరు ఎక్కడినుంచి కారుతోందో, ఏ మూల గోడ తడుస్తోందో కాగితం మీద రాసుకోండి. వచ్చిన ప్రతి కాంట్రాక్టర్‌నీ మొదట ఆ చోట్ల గురించే అడగండి. రంగుల కార్డు ఆ తర్వాత తీయవచ్చు.