ఒకే శాలలో రెండు ఆవులు

విద్యార్థులారా! మన అనకాపల్లి చుట్టుపక్కల పల్లెల్లో పశువుల శాలలు చూసే ఉంటారు. ఒక రాటకు మూపురం, వేలాడే గంగడోలు ఉన్న నాటు ఆవు. పక్క రాటకు సంకరజాతి జెర్సీ ఆవు. రెండూ ఒకే మేత తింటాయి. రెండింటినీ పిడుదులు కుడతాయి. కాని జ్వరంతో కూలబడేది చాలాసార్లు జెర్సీ ఆవే. ఎందుకని?

కొన్ని పిడుదుల లాలాజలంలో థైలీరియా అనే ఏకకణ పరాన్నజీవి ఉంటుంది. పిడుదు కుట్టినప్పుడు అది ఆవు శరీరంలో చేరి, తెల్ల రక్తకణాల్లో దూరి, వాటిని ఆగకుండా విభజన చెందేలా చేస్తుంది. లింఫ్ గ్రంథులు వాస్తాయి. తర్వాత ఎర్ర రక్తకణాల్లో ప్రవేశిస్తుంది. రక్తహీనత వస్తుంది. వైద్యం ఆలస్యమైతే ప్రాణమే పోవచ్చు.

నాటు ఆవుకు ఈ జబ్బు సోకదని కాదు. సోకినా ఎక్కువగా తట్టుకుంటుంది. 2005లో వెలువడిన ఒక పరిశోధనలో హోల్‌స్టీన్ దూడలకూ, మూపురం గల సాహివాల్ దూడలకూ ఈ పరాన్నజీవిని ఎక్కించి చూశారు. హోల్‌స్టీన్ దూడలకు జబ్బు ముదిరింది. సాహివాల్ దూడలు కోలుకున్నాయి. వాటికి అంతకుముందు ఈ జబ్బు ఎప్పుడూ సోకలేదు. అంటే ఆ ఓర్పు పుట్టుకతో వచ్చినదే!

అది ఎలా వచ్చింది? వేల ఏళ్లుగా పిడుదులున్న నేలమీద, తట్టుకోలేని దూడలు ఎదగకముందే చనిపోయాయి. తట్టుకున్నవే సంతానాన్ని కన్నాయి. వాటి జన్యువులే తరతరాలకూ అందాయి. చలిదేశంలో పెరిగిన జెర్సీకి ఈ పరీక్ష ఎదురుకాలేదు. మన ఒంగోలు జాతి పశువులను బ్రెజిల్ రైతులు తీసుకువెళ్లి, నెల్లూరు పేరుమీద ‘నెలోర్’ అని పిలుచుకుంటున్నారు. ఎండకూ పిడుదులకూ ఓర్చుకునే గుణం ఉండటంతో అక్కడ అవి కోట్లలో పెరిగాయి.

మరి జెర్సీ ఎందుకు? పాల కోసం. రైతుకు పాలూ కావాలి గదా! అయితే ఒక లెక్క గుర్తుంచుకోండి. దూడకు జన్యువులు తల్లినుంచి సగం, తండ్రినుంచి సగం వస్తాయి. ప్రతి తరంలోనూ జెర్సీతోనే సంకరం చేస్తే నాటు వాటా సగం, పావు, అరపావు అవుతూ పోతుంది. రోగాన్ని తట్టుకోవడం అనేక జన్యువుల ఉమ్మడి పని కనుక, ఆ శక్తీ తగ్గుతుంది.

సంకరజాతి పశువుల కోసం హైదరాబాదులో ‘రక్షావ్యాక్-టి’ అనే టీకా తయారవుతోంది. జబ్బుకు మందూ ఉంది. కాని నాటు జాతి అంతరించిపోతే, దాని జన్యువులను ఏ మందుల దుకాణమూ అమ్మలేదు.

ఈ సాయంత్రం మీ ఆవు చెవుల లోపలా, పొదుగు దగ్గరా, తోక కిందా వెతకండి. పిడుదులెన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. జ్వరం, భుజం ముందు వాపు కనిపిస్తే వెంటనే పశువైద్యుణ్ణి పిలవమని పెద్దలకు చెప్పండి.