ఏడాదంతా ఒకే జోరు వద్దు

గవర్నర్‌పేట,
విజయవాడ.

చి. అమ్మడికి,

ఈ ఏడాది కనబడ్డ ప్రతి ఆర్చరీ టోర్నీకీ పేరిచ్చానని సంబరంగా రాశావు. వాటిలో నీకు ముఖ్యమైనది ఏదో మాత్రం రాయలేదు.

మన బెజవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖను చూడు. 2023 ఆగస్టులో బెర్లిన్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ టీమ్ స్వర్ణం. అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు. వ్యక్తిగత ఫైనల్లో 150 పాయింట్లకు 149. పేపర్లో చదివినవాళ్లకది రెండు నెలల ముచ్చట. చిన్నప్పుడు కృష్ణలో ఈది, తర్వాత విల్లు పట్టిన ఆ పిల్ల అక్కడిదాకా రావడానికి పదేళ్లు దాటింది.

అలా సరైన సమయానికి సిద్ధంగా ఉండాలంటే ముందు పెద్ద పోటీ తేదీ క్యాలెండర్‌లో గుర్తుపెట్టి, అక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెట్టుకో. ఏడాదిని సన్నాహం, పోటీలు, విరామం అని విడగొట్టే పద్ధతిని సోవియట్ దేశంలో మాత్వేయెవ్ అనే క్రీడా శాస్త్రవేత్త 1960లలోనే చెప్పాడు. మీ కోచ్‌గారు చెప్పేదీ దాదాపు అదే, కాస్త చెవిన పెట్టు.

విల్లు లాగే బరువు (పౌండ్లు) పెంచడం, నిలబడే తీరు మార్చడం అన్నీ సన్నాహంలోనే అయిపోవాలి. మూడు వారాలు బాణాలు పెంచితే నాలుగో వారం తగ్గించు. ఆ వారమే భుజం కోలుకునేది. పోటీకి రెండు వారాల ముందు బాణాల లెక్క సగానికి దించు, వేసే ప్రతి బాణం మాత్రం పోటీలో వేసినట్టే వెయ్యి. ఆఖరి వారంలో భయమేసి రెట్టింపు సాధన చేసేవాళ్లే ఎక్కువ. ఆ పని నువ్వు చెయ్యకు.

సీజన్ అయ్యాక రెండు మూడు వారాలు విల్లు ముట్టుకోకు. వేసవిలో మన కాలువలు కట్టేసి పూడిక తీస్తారు చూడు, అదీ అలాంటిదే. ఈత కొట్టు, నడు, నిద్రపో.

ఇంటర్ పరీక్షల రోజుల్లో సాధన సగం చాలు. మే ఎండల్లో పొద్దున్నే మొదలెట్టి ఎనిమిదిలోపు ముగించెయ్. బెజవాడ ఎండతో పంతం పడితే ఓడేది మనమే.

ఒక నోటుబుక్కులో రోజూ మూడే రాయి: ఎన్ని బాణాలు, ఎన్ని గంటల నిద్ర, భుజం ఎలా ఉంది. నొప్పి వరసగా మూడు రోజులుంటే దాచకుండా ఆ పేజీ కోచ్‌గారికి చూపించు. అమ్మకి చెబితే మాన్పిస్తుందని భయమైతే నాకు ఫోన్ చెయ్యి, నేను మాట్లాడతాను.

పేరిచ్చిన టోర్నీల్లో సగానికి ఈ వారమే పేరు వెనక్కి తీసుకుని, మిగిలినవేవో నాకు రాయి.

మీ పెదనాన్న