గాలిని మళ్ళించే పలక

అమెరికా సంయుక్త రాష్ట్రాల దక్షిణ ప్రాంతంలో, ముఖ్యంగా ఫ్లోరిడా, టెక్సాస్ తీరాలలో, ఏటా మే నెలలోను, తిరిగి సెప్టెంబరులోను ఒక నల్లని చిన్న ఈగ రహదారులపై గుంపులు గుంపులుగా కమ్ముకుంటుంది. ఆడ, మగ కీటకాలు జంటగా అతుక్కొని ఎగురుతాయి కనుక అక్కడివారు దానిని ‘లవ్ బగ్’ అంటారు. అది కుట్టదు, కరవదు, పంటను పాడుచేయదు. అయితే వాహనాల పొగగొట్టాల నుండి వెలువడే వాయువులు, తారు రోడ్డు వేడి దానిని రహదారి వైపు లాగుతాయి. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం ముఖానికి ఈ ఈగలు వందలుగా తగిలి చితికిపోతాయి. వాటిని వెంటనే కడిగివేస్తే చిక్కు లేదు. ఒకటి రెండు రోజులు ఎండకు వదిలివేస్తే ఆ అవశేషాలలో ఆమ్లగుణం పెరిగి రంగు మీద చెరగని మచ్చలు పడతాయి.

ఈ బాధ పికప్ ట్రక్కుల యజమానులకు మరింత ఎక్కువ. ముందు నలుగురైదుగురు కూర్చునే గది, వెనుక సరుకు వేసుకొనే తొట్టి ఉన్న ఈ బండి అమెరికాలో రైతుకు, వడ్రంగికి, ఉద్యోగికి కూడా ఇంటి వాహనమే. ఫోర్డ్ సంస్థ వారి ఎఫ్-సిరీస్ ట్రక్కులు 1977 నుండి దశాబ్దాల తరబడి ఆ దేశపు ట్రక్కుల అమ్మకాలలో మొదటి స్థానంలో నిలిచాయంటే వాటి ఆదరణ తెలుస్తుంది. ఎత్తుగా, నిటారుగా ఉండే వాటి ముందుభాగం గాలిని గోడ వలె ఢీకొంటుంది. మనం బానెట్ అని పిలిచే ఇంజను మూతను అక్కడ హుడ్ అంటారు. ఆ మూత ముందంచున అమర్చే వంపు పలక పేరు హుడ్ డిఫ్లెక్టర్, అనగా గాలిని మళ్ళించే పలక. దీనిని సాధారణంగా అక్రిలిక్ ప్లాస్టిక్‌తో చేస్తారు.

పలక చేసే పని సులభంగానే అర్థమవుతుంది. ఎదురుగా వచ్చిన గాలి దాని వాలును తాకి పైకి లేస్తుంది. తేలికైన కీటకం గాలితోపాటు లేచి, కొన్నిసార్లు ముందు అద్దం మీదుగా దాటిపోతుంది. బరువైన రాతి ముక్క మాత్రం గాలి మాట వినదు. తాను పోతున్న దారినే పోతుంది. అటువంటి రాయి హుడ్ అంచుకు తగలవలసిన దెబ్బను పలక తన మీద వేసుకుంటుంది. కాబట్టి రాళ్ళ విషయంలో ఇది మళ్ళించేది కాదు, కాచుకొనేది. అద్దం మీద ఒక్క పురుగు కూడా పడదని ఎవరైనా చెబితే దానిని అమ్మకపు మాటగానే తీసుకోవాలి.

పూర్వం ఇటువంటి పలకలను మరలతో బిగించేవారు. కొన్నింటికి హుడ్ అడుగున ముందే ఉన్న రంధ్రాలు సరిపోయేవి. కొన్నింటికి కొత్తగా తొలిచేవారు. ఇనుప రేకును తొలిచిన చోట రంగు పొర తెగి, తేమ చేరి తుప్పు మొదలవుతుంది. తొలిచే పని లేకుండా రెండు వైపులా జిగురు ఉండే పట్టీతో అతికించే పలకలు ఆదరణ పొందడానికి ఇదొక ముఖ్య కారణం.

ఈ జిగురు పట్టీకి పూర్వగామి అనదగినది కూడా మోటారు వాహనాల కర్మాగారంలో పడిన ఒక చిక్కు నుండే పుట్టింది. 1920ల అమెరికాలో కార్లకు రెండు రంగులు వేయించుకొనే మోజు ఉండేది. ఒక రంగు వేసేటప్పుడు రెండవ భాగాన్ని కాగితంతో కప్పి జిగురుతో అంటించేవారు. కాగితం ఊడదీస్తే దానితోపాటు కొత్త రంగు కూడా ఊడివచ్చేది. అప్పట్లో గరుకు కాగితం తయారుచేస్తున్న 3ఎం సంస్థలో రిచర్డ్ డ్రూ అనే యువకుడు పనిచేసేవాడు. ఆ కాగితాన్ని పరీక్షింపజేయడానికి వర్క్‌షాపుకు వెళ్ళినప్పుడు అతడు రంగు పనివారి అవస్థ చూశాడు. 1925లో అతడు మాస్కింగ్ టేప్ రూపొందించాడు. రంగుకు హాని లేకుండా ఊడిరావడం దాని గొప్పతనం. అదే సంస్థ 1980లో విపణిలోకి తెచ్చిన అక్రిలిక్ నురుగు పట్టీ దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పనికి పుట్టింది, అది ఊడకూడదు. విచిత్రమేమంటే పలకను అతికించే పనిలో ఈ రెండు రకాల పట్టీలూ అవసరపడతాయి.

సాధారణంగా అతుకు అనగానే జిగురు ఎంత గట్టిదని ఆలోచిస్తారు. అంటించే తలం ఎటువంటిదో అంతగా ఆలోచించరు. నూనె రాసుకున్న నుదుటి మీద బొట్టు బిళ్ళ నిలవదని ప్రతి ఇంట్లోనూ తెలుసు; అక్కడ లోపం బిళ్ళది కాదు. జిగురు ఒక తలాన్ని పట్టుకోవాలంటే ముందు ఆ తలం మీద పరచుకొని, దాని సూక్ష్మమైన ఎత్తుపల్లాలలోనికి ప్రవహించాలి. కొత్తగా మైనపు పాలిష్ పెట్టిన హుడ్ మీద నీరు చల్లితే తామరాకు మీది బొట్లలాగా గుండ్రంగా నిలుస్తుంది. నీటిని దగ్గరకు రానివ్వని ఆ పొర జిగురునూ రానివ్వదు. శుభ్రమైన తలం మీద నీరు పలుచని పొరగా పరచుకుంటుంది. బండిని ముద్దుగా మెరిపించుకొనే యజమానికే ఈ పనిలో ఎక్కువ కష్టం ఎదురవుతుంది.

అందువలన మొదటి పని పలకను పొడిగా, పట్టీ మీది రక్షక పొర తీయకుండానే, హుడ్ మీద పెట్టి చూడటం. రెండు కొసలు సమానంగా ఉన్నాయా, హుడ్ తెరిచి మూసినప్పుడు పలక ఎక్కడైనా ఒరుసుకుంటున్నదా అని పరిశీలించాలి. సరిపోయిన చోట మధ్యలోను, రెండు చివరలా మాస్కింగ్ టేప్ ముక్కలు గుర్తుగా అంటించాలి. తరువాత హుడ్ అంచును సబ్బు నీటితో కడిగి, ఆరనిచ్చి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీరు సమపాళ్ళలో కలిపిన ద్రవంతో తుడవాలి. గుడ్డ మురికి పట్టగానే మార్చాలి. లేకుంటే ఒకచోటి మైనం మరొకచోటికి చేరుతుంది. తుడిచిన చోట మళ్ళీ వేలు పెట్టరాదు. చర్మంలోని జిడ్డు చాలు అతుకును బలహీనపరచడానికి.

ఉష్ణోగ్రత సంగతి చాలామంది పట్టించుకోరు. ఈ పట్టీ 21 నుండి 38 డిగ్రీల సెల్సియస్ మధ్య చక్కగా పరచుకుంటుంది. 10 డిగ్రీల కంటే చల్లగా ఉంటే జిగురు బిగిసి తలాన్ని సరిగా తాకదు. ఎండలో నిలిపిన బండి హుడ్ చేయి పెట్టలేనంత కాలిపోతుంది; అప్పుడూ పని వాయిదా వేయడమే మంచిది. చలి రాష్ట్రాలలో గ్యారేజీ లోపల, దక్షిణ రాష్ట్రాలలో నీడపట్టున, ఉదయం వేళ ఈ పని చేసుకోవడానికి కారణమిదే.

ఇక అతికించడం. పట్టీ మీది రక్షక పొరను ఒక్కసారిగా లాగివేయరాదు. ప్రతి చివరా నాలుగు వేళ్ళంత మేర ఊడదీసి, ఆ కొసను బయటకు మడిచి ఉంచాలి. పలకను గుర్తుల మధ్య నిలిపి, సరిగా ఉన్నదని తేల్చుకున్న తరువాత కొసను పట్టుకొని మెల్లగా లాగుతూ, మధ్య నుండి చివరలకు బొటనవేలితో నొక్కుకుంటూ పోవాలి. చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలోగ్రాము ఒత్తిడి కావాలి. పైపైన నిమిరితే ఆ ఒత్తిడి రాదు. ఒకసారి తాకిన పట్టీని తీసి మళ్ళీ పెడితే దాని పట్టు తగ్గుతుంది. కాబట్టి పొరపాటుకు చోటున్నది గుర్తులు పెట్టుకొనే దశలోనే.

నొక్కడం పూర్తికాగానే పలక గట్టిగానే ఉన్నట్లు కనిపిస్తుంది. మోసపోయేది ఇక్కడే. మామూలు వేడిలో ఇరవై నిమిషాలకు పట్టులో సగం, ఒక రోజుకు తొంభై శాతం, 72 గంటలకు పూర్తి బలం వస్తుంది. ఆ మూడు రోజులూ బండిని కడగకుండా, పెద్ద రహదారి ఎక్కించకుండా ఉండాలి. ఆదివారం మధ్యాహ్నం అతికించి సోమవారం ఉదయమే ఉద్యోగానికి బయలుదేరే యజమాని పలకను బలం చేకూరక ముందే గాలికి ఒప్పజెబుతున్నాడు. మన పట్టణాలలో కారు తలుపుల మీద వాన పడకుండా అతికించే వంపు పలకలదీ ఇదే కథ. దుకాణంలో పది నిమిషాలలో పని అయిపోతుంది, ఆ సాయంత్రమే కారు నీటి ధారల కిందికి వెళుతుంది, నెల తిరగక ముందే ఒక కొస లేస్తుంది.

కొస లేవడాన్ని ఎందుకు తేలికగా తీసుకోరాదంటే, జిగురు బలం అది ఏ దిశలో లాగబడుతుందన్న దానిని బట్టి మారుతుంది. పట్టీ మొత్తం మీద బరువు సమంగా పడినంతకాలం ఎంతో ఓర్చుకుంటుంది. ఒక్క అంచు లేచిందంటే లాగుడంతా ఆ సన్నని గీత మీదనే కేంద్రీకృతమై, అరటి తొక్క ఒలిచినట్లు పట్టీ ఊడుతూ పోతుంది. వేగంగా పోయే బండి నుండి విడివడిన పలక ఎగిరి వెనుక వచ్చే వాహనపు అద్దాన్నో, మోటారు సైకిలు నడిపే మనిషినో తాకుతుంది. లేచిన కొస కింద తక్షణం ఎండిపోయే జిగురు చుక్క వేసి సరిపెట్టడం చాలామంది చేసే పని. ఆ జిగురు ఎండి పెళుసుగా మారి, బండి అదురుకు పగిలిపోతుంది. పలకను పూర్తిగా తీసి, పాత పట్టీ తొలగించి, కొత్త పట్టీతో మొదటి నుండి మొదలుపెట్టడమే సరైన దారి.

తీయడానికి బలప్రయోగం అక్కరలేదు. హెయిర్ డ్రయ్యర్‌తో పట్టీని గోరువెచ్చగా చేసి, పలకకు, హుడ్‌కు మధ్య చేపలు పట్టే నైలాన్ దారాన్ని దూర్చి రంపంలా ఇటూ అటూ ఆడిస్తే నురుగు తెగిపోతుంది. మిగిలిన జిగురును బొటనవేలితో రుద్దితే ఉండలుగా చుట్టుకొని వస్తుంది. ఏళ్ళ తరబడి ఎండలో తిరిగి రంగు వెలిసిన పాత ట్రక్కులలో పట్టీ ఉన్న ఆ సన్నని గీత వెంట మాత్రం బండి కొన్ననాటి రంగు ముదురుగా బయటపడుతుంది.