ఏజెన్సీలో డాక్టరు ఎందుకు నిలవడం లేదు?

అరకు, పాడేరు, ముంచింగిపుట్టు వైపు నుంచి నీట్ రాయబోతున్న పిల్లలు ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. మీ పీహెచ్‌సీకి వచ్చిన డాక్టర్లు ఎందుకు నిలవడం లేదు? రేపు ఆ కుర్చీలో మీరే కూర్చోవచ్చు.

జీతం చాలక వెళ్లేవాళ్లున్నారు. అసలు కారణం అది కాదని నా నమ్మకం. అర్ధరాత్రి డోలీలో మోసుకొచ్చిన గర్భిణికి సిజేరియన్ చేయాలి. మత్తు డాక్టరు ఉండరు, రక్తం దొరకదు. విశాఖ కేజీహెచ్ అరకు నుంచి వంద కిలోమీటర్ల పైమాటే, మధ్యలో ఘాట్ రోడ్డు. రిఫరల్ కాగితం రాసి అంబులెన్స్ ఎక్కించడం తప్ప ఏమీ చేయలేని అలాంటి రాత్రులు యువ డాక్టరును లోపల్లోపల తినేస్తాయి. దానికితోడు ఉత్త ఎంబీబీఎస్‌తో ఏం లాభమని ఇంట్లో రోజూ పోరు. పీజీ సీటు కోసం పట్నంలో కోచింగ్. అలా కొండ దిగినవాళ్లలో తిరిగొచ్చేది తక్కువే.

విదేశాల దారీ ఇలాగే మొదలవుతుంది. 1965లో అమెరికా వలస చట్టం మారాక విశాఖ, గుంటూరు మెడికల్ కాలేజీల్లో చదివినవాళ్లు ఎందరో అక్కడ స్థిరపడ్డారు. అయితే ఇక్కడ స్పెషలిస్టయినా సాధారణంగా అక్కడి లైసెన్సు పరీక్ష యూఎస్ఎంఎల్ఈ రాసి, రెసిడెన్సీ మళ్లీ చేయాల్సిందే. బీడీఎస్ వాళ్ల కష్టం ఇంకా ఎక్కువ. ఇక్కడ ప్రభుత్వ పోస్టులు కొద్ది, క్లినిక్‌కు పెట్టుబడి కావాలి. అమెరికాలో లైసెన్సుకు చాలాచోట్ల రెండు మూడేళ్లు డెంటల్ కాలేజీలో మళ్లీ చదవాలి. ఆ ఫీజు భరించలేక పబ్లిక్ హెల్త్ మాస్టర్స్‌కు మళ్లి, పళ్ల వైద్యమే వదిలేసినవాళ్లున్నారు. ఎంబీబీఎస్ రాలేదని బీడీఎస్‌లో చేరేముందు ఇంట్లో ఈ లెక్క వేసుకోండి.

ఎంబీబీఎస్‌కు ఇప్పుడు మీకు దగ్గర్లోనే దారి ఉంది: పాడేరులో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2024-25లో 50 సీట్లతో మొదలైంది. ఇక పీజీకి, రెగ్యులర్ ప్రభుత్వ సర్వీసులో ఉన్న డాక్టర్లకు ఇన్‌సర్వీస్ కోటా ఉంది. అలాంటి కోటా ఇచ్చే అధికారం రాష్ట్రాలకు ఉందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2025లో మన పీహెచ్‌సీ డాక్టర్లు సమ్మెకు దిగిందీ ప్రధానంగా ఈ కోటా కోసమే. ఎంత శాతం, ఎన్నేళ్ల సర్వీసు అన్నది మారుతుంటుంది కనుక ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ నోటిఫికేషన్‌లోనే చూసుకోండి.

పీజీలో గైనకాలజీ, అనస్థీషియా, పిల్లల వైద్యం వైపు చూడండి. కొండల్లో వీటికి కొరత ఉంది. కువి, ఆదివాసీ ఒడియా వచ్చిన మీకు రోగి బాధ చెప్పుకోవడానికి దుబాసీ అక్కర్లేదు. పట్నం నుంచి వచ్చిన డాక్టరుకు ఆ వీలు లేదు. ఇంటర్న్‌షిప్‌లో పీహెచ్‌సీ పోస్టింగును సంతకాలతో గడిపేయకండి, వీలైతే ఏజెన్సీలోనే అడిగి వేయించుకోండి. రాత్రి డ్యూటీలు కూడా చేయండి.