రేరాణి – పారిజాతము: పేరు ఒకటి, చెట్లు రెండు



సువాసన కొరకు మన గుమ్మముల దగ్గర పెంచుకొను ఒక పొదను గూర్చి ఈ పాఠములో నేర్చుకొందము. మనము దానిని రేరాణి అనియు, నైట్‌క్వీన్ అనియు పిలుతుము. మరాఠీవారికి అది రాతరాణి, కన్నడిగులకు రాత్రిరాణి.

1. మొక్క పరిచయము

రేరాణి మన దేశపు మొక్క కాదు. మెక్సికో, మధ్య అమెరికా, వెస్టిండీస్ దీవులు దాని పుట్టిల్లు. 1753లో లిన్నేయస్ అను శాస్త్రజ్ఞుడు దీనికి సెస్ట్రమ్ నాక్టర్నమ్ అని పేరు పెట్టెను. నాక్టర్నమ్ అనగా రాత్రికి సంబంధించినది. సన్నని గొట్టములవంటి పువ్వులు చీకటి పడగానే విచ్చుకొని, రాత్రి తిరుగు రెక్కల పురుగులను వాసనతో పిలుచును, పగలు ముడుచుకొనును. ఇది మల్లె జాతి కాదు. వంగ, ఉమ్మెత్తల కుటుంబము. ఆకు, పువ్వు, కాయ అన్నియు విషమే.

2. పేరులోని చిక్కు

ఇంగ్లీషులో దీనిని నైట్ జాస్మిన్ అందురు. పారిజాతమును కూడ నైట్ జాస్మిన్ అనియే అందురు. కీళ్ల నొప్పులకు, జ్వరమునకు పారిజాతపు ఆకు కషాయము త్రాగు అలవాటు మన పెద్దలలో కలదు. పొరుగువారిది ఒక భాష, మనది ఒక భాష అయిన చోట పేరు మాత్రమే అడిగి ఆకు కోసినయెడల, మందుకు బదులు విషము కాచుకొందుము.

3. గుర్తుపట్టు విధము

పారిజాతము: ఆకు గరుకు, ఆకులు కొమ్మపై ఎదురెదురుగా ఉండును. లేత కొమ్మ నలుపలకలు. తెల్లని రేకులకు నారింజరంగు కాడ. పువ్వులు తెల్లవారకముందే రాలును. కాయ బిళ్ళవలె చదును.

రేరాణి: ఆకు నున్నగా మెరయును, ఆకులు ఒకటి విడిచి ఒకటి ఉండును. పువ్వు లేతాకుపచ్చ కలిసిన తెలుపు, గుత్తులుగా ఉండును. కాయ గుండ్రము, పండినప్పుడు తెలుపు.

4. అపాయము, జాగ్రత్త

ఆ తెల్లని పండ్లు పసిపిల్లల కంటికి మిఠాయివలె కనబడును. తిన్నవారికి వాంతులు, కడుపునొప్పి, జ్వరము రావచ్చును. నాడి వేగముగా కొట్టుకొనవచ్చును. అప్పుడు నోరు కడిగించి, బలవంతముగా వాంతి చేయింపక, 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసికొని పోవలెను. ఒక రెమ్మ కూడ తీసికొని పోయినచో వైద్యునికి మేలు. మేకలకు, పశువులకు ఈ కొమ్మలు వేయరాదు. ఘాటు వాసనతో కొందరికి తలనొప్పి వచ్చును గనుక పడకగది కిటికీకి దూరముగా నాటవలెను. పాములు ఈ వాసనకు వచ్చునను మాటకు ఆధారము లేదు. భయపడవలసినది పామునకు కాదు, పండుకు.

చెట్టును నరకవలెనని చెప్పుట లేదు. పసిపిల్లలున్న ఇంట పూత వాడగానే గుత్తులు కత్తిరించినయెడల కాయ పట్టదు. పారిజాతపు కషాయమైనను వైద్యుని అడిగియే త్రాగుడి.

ప్రశ్నలు

1. రేరాణి ఏ కుటుంబపు మొక్క?
2. రెండు చెట్లను ఆకును బట్టి ఎట్లు గుర్తింతురు?
3. మీ పెరటిలోనున్నది ఏది? పిల్లలతో కలిసి చూచి చెప్పుడి.