కథలోని ఆధారము, చదువరి ఊహ

కథలో రచయిత చెప్పినది కొంత, చెప్పక విడిచినది కొంత ఉండును. విడిచిన దానిని చదువరి తన ఊహతో పూరించుకొనవలెను. అయితే ఊహ వేరు, ఊసుపోక అను మాట వేరు. "నీకట్లేల తోచినది? ఏ మాటను బట్టి అనుచున్నావు?" అని అడిగినప్పుడు పుటలో వ్రేలు పెట్టి చూపగలిగినదే నిలుచు ఊహ. ఇక్కడి బడులలో ఇంగ్లీషు ఉపాధ్యాయులు పిల్లలను నిత్యము అడుగు ప్రశ్న ఇదియే. మన పిల్లలలో పెక్కుమంది కథను చక్కగా గ్రహింతురు గాని, "నాకట్లనిపించినది" అని అంతటితో ఊరకుందురు.

ఉదాహరణకు మన భాషలోని కథనే తీసికొందము. గురజాడ అప్పారావుగారి "దిద్దుబాటు" 1910లో "ఆంధ్రభారతి" పత్రికలో వెలువడినది. మద్రాసు నుండి ఫిజీకి కూలీల ఓడలు వచ్చుట 1903లో మొదలై 1916తో ఆగెను గనుక, మన పెద్దలు చెరకు తోటలలో గిర్మిట్ కాలము గడపుచున్న దినములలోని కథ ఇది.

గోపాలరావు అర్ధరాత్రి దాటిన పిదప ఇల్లు చేరును. సభలకు పోవుచుంటినని భార్యతో చెప్పి అతడు పోయినది సానుల ఆటపాటలకు. గదిలో కమలిని లేదు. బల్లమీద ఒక జాబు ఉన్నది. పుట్టింటికి పోవుచున్నానని అందులో వ్రాసియున్నది. అతడు నమ్మెను, పశ్చాత్తాపపడెను, ఆమెను తోడి తెచ్చుటకు నౌకరు రాముని పంపనుండెను. అంతలో మంచము క్రింది నుండి నవ్వు, గాజుల చప్పుడు వినవచ్చును!

ఇప్పుడు కథను మొదటి నుండి మరల చదువుడు. కమలిని వెళ్ళిపోయినదనుటకు ఆధారమేమి? శూన్యమైన గది, ఒక జాబు, అంతే. ఆమె పోవుచుండగా చూచితినని రాముడెక్కడను చెప్పడు. అనగా కథానాయకుడే చాలని ఆధారముతో తొందరపడి ఊహించెను. మనమును అతని వెంట పోయి మోసపోతిమి. పాఠము నేర్పుటకు ఇంతకంటె మంచి కథ నేనెరుగను.

గోపాలరావు స్వభావము ఎట్టిది? రచయిత వర్ణింపనక్కరలేదు. అతడు కోపమున రాముని కొట్టి, వెంటనే నొచ్చుకొని తన చేతులతో లేవనెత్తి వీపు నిమురును. త్వరగా మండును, త్వరగా కరగును అని ఆ రెండు పనుల వలన తెలియుచున్నది. అందుచేత అతని పశ్చాత్తాపము నిజమని నమ్మవచ్చును. అది ఎన్నాళ్ళు నిలుచునో కథలో లేదు. "అతడు మారెను" అని వ్రాసిన విద్యార్థికి నేను సగము మార్కులిత్తును. "ఆ రాత్రి మారదలచెను" అన్నవానికి పూర్తిగా ఇత్తును. ఆడవారి చదువును గూర్చి రాముడు శంకించు మాటలున్నవి. అవి రచయిత అభిప్రాయమా? కాదు. చదువుకొన్న కమలిని వ్రాసిన జాబే గదా భర్తను కదలించినది! పాత్ర పలికినది వేరు, కథ చూపినది వేరు.

మరియొక ఆధారము తెలుగులో మాత్రమే సంపూర్ణముగా కనబడును. జాబులోని సంబోధనలో చనువు పోయి, పరాయివానిని పిలిచినట్లున్నది. గోపాలరావునకు మొదట తగిలిన దెబ్బ అదియే. ఎవరెవరిని "నీవు" అనిరి, ఎవరిని "మీరు" అనిరి అన్నది మన భాషలో సాక్ష్యము. ఇంగ్లీషు అనువాదమున ఆ రెండును ఒకే మాటలో కరగిపోవును. ఆలయ తరగతులలో అక్షరములు దిద్దుకొని తెలుగు నేర్చిన నాకు, ఆ శ్రమకు ఫలము ఇట్టి చోట్లనే దక్కినది.

ఇక మన పొరుగు కథ. వెల్లింగ్టనులో 1888లో పుట్టిన కేథరిన్ మాన్స్‌ఫీల్డ్ బాల్యమున సెలవులు గడపిన డేస్ బే నేడు మన లోవర్ హట్ నగర పరిధిలోనిదే. ఆమె 1922 నాటి "ది డాల్స్ హౌస్" కథలో చాకలి పని చేయు తల్లి బిడ్డలను ఊరంతయు వెలివేసినట్లు చూచును. పెద్దపిల్ల తొడిగిన గౌను బర్నెల్ వారి పాత మేజాగుడ్డతో కుట్టినది. దగ్గరకు రానీయని ఇంటివారి గుడ్డయే ఆ బిడ్డ ఒంటిమీద ఉన్నది. ఆ ఒక్క వివరము చాలదా? ఆ పిల్లల తండ్రి చెరసాలలో ఉన్నాడని అందరు అందురు, నిజము తెలిసినవారు లేరు. ఊరి ఊహకు ఆధారము లేదు, శిక్ష మాత్రము పసిబిడ్డలకు.

ఇది మనకు క్రొత్త కాదు. మన పూర్వులను గూర్చియు, తప్పు చేసి పారిపోయి వచ్చిరని కొందరు, జమీందారు బిడ్డలని కొందరు అనుచుందురు. ఫిజీ జాతీయ పత్రాగారములోని వలస చీటీలలో పేరు, తండ్రి పేరు, వయస్సు, ఎత్తు, జిల్లా, గ్రామము, ఒంటిమీది గుర్తులు వ్రాసియున్నవి. అది కథ కాదు గాని చదువు పద్ధతి అదియే. ఒక స్త్రీ చీటియు ఒక పురుషుని చీటియు వరుస సంఖ్యలతో, ఒకే గ్రామము పేరుతో ఉన్నచో, ఇరువురు కలసి నమోదైనట్లు ఊహింపవచ్చును. ఇల్లు విడిచి పారిపోయి వచ్చిరని వ్రాయుటకు ఆ కాగితములో ఒక్క మాటయు లేదు.

పిల్లలకు అభ్యాసము: మీ ఇంటిలో తాతముత్తాతలను గూర్చి చెప్పుకొను ఒక మాటను వ్రాయుడు. దాని క్రింద, అది ఎవరు చెప్పిరి, ఏ కాగితమున ఉన్నది, లేక ఎక్కడను లేదా అన్నది పెద్దలనడిగి వ్రాసికొనుడు.